పండుగ రాత్రి, మర్నాటి ఉదయం: మద్యం విషయంలో పౌరులు పాటించవలసిన జాగ్రత్తలు

డిసెంబరు చివరి వారం మొదలుకొని ముక్కనుమ వరకు యానాంలో దాదాపు ప్రతి ఇల్లూ చుట్టాలతో నిండి ఉంటుంది. క్రిస్మస్, ఆంగ్ల సంవత్సరాది, భోగి, సంక్రాంతి, కనుమ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. దూర నగరాలలో ఉద్యోగాలు చేసుకునే పిల్లలు సెలవులకు వస్తారు. కొత్త అల్లుళ్లు వస్తారు. కాకినాడ నుండి, అమలాపురం నుండి, తాళ్లరేవు నుండి మిత్రులు వస్తారు. ఈ కలయికలలో కొన్నిచోట్ల మద్యం కూడా చోటు చేసుకుంటున్నదన్నది అందరికీ తెలిసిన విషయమే.

యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. దీని చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్. మద్యంపై పన్నులు, అమ్మకపు నియమాలు ఈ రెండు చోట్లా వేరు. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో మద్యనిషేధం అమలులోకి వచ్చి, 1997లో సడలే వరకు పొరుగు ఊళ్లవారి చూపు యానాం వైపు మళ్లింది. ఆ రోజులు గడిచిపోయినా, పండుగ దినాలలో సరిహద్దు దాటి వచ్చే అలవాటు పూర్తిగా పోలేదు. ఇందువలన ఈ ఊరికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఏర్పడింది. ఇక్కడ మద్యం సేవించేవారిలో అనేకులు ఆ రాత్రే వాహనం ఎక్కి మరొక ఊరు చేరవలసినవారు. ఒకవైపు కాకినాడ రహదారి, మరొకవైపు ఎదుర్లంక వారధి. జనవరి మాసంలో గోదావరి మీది నుండి పొగమంచు కమ్ముకొని వచ్చే వేళ ఆ దారులు మెలకువగా ఉన్నవారికే కష్టం.

మద్యం సేవించకుండా ఉండటమే ఆరోగ్యానికి అన్నిటికంటే మేలు. సేవించనివారు కొత్తగా ప్రారంభించడానికి పండుగ ఒక కారణం కారాదు. సేవించేవారి విషయంలో మాత్రం అసలు జాగ్రత్త మొదటి గ్లాసుకు ముందే మొదలు కావాలి. ఎలా ఇల్లు చేరతారో ముందుగా నిశ్చయించుకొన్న తరువాతే తక్కినదంతా. ఎందుకనగా, మద్యం మొదట దెబ్బతీసేది ఆ నిశ్చయం చేయగల వివేకాన్నే.

గ్లాసులో ఉన్నది ఎంత?

మనిషిని మత్తులో ముంచేది ఆల్కహాలు. సీసాలు వేరైనా, రంగులు వేరైనా లెక్కించవలసినది దానినే. విస్కీ, బ్రాందీ, రమ్ము వంటివాటిలో సాధారణంగా నూటికి 42.8 పాళ్లు ఆల్కహాలు ఉంటుంది. ఆ లెక్కన 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో ఉండేది సుమారు 10 గ్రాములు. 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులో 20 గ్రాములు. 180 మిల్లీలీటర్ల క్వార్టర్ సీసాలో 60 గ్రాములు, అనగా ఆరు చిన్న పెగ్గులు.

బీరు విషయంలోనే ఎక్కువమంది పొరబడతారు. బీరు తేలికైన పానీయమనీ, అది తాగి బండి నడపవచ్చుననీ అనుకొనేవారు ఉన్నారు. నూటికి 5 పాళ్లు ఆల్కహాలు ఉన్న 650 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 25 గ్రాములు ఉంటుంది. స్ట్రాంగ్ అని వ్రాసి అమ్మే బీరులో 8 పాళ్లు ఉంటే అది 40 గ్రాములు అవుతుంది. అంటే ఒక్క స్ట్రాంగ్ బీరు సీసా నాలుగు చిన్న పెగ్గులతో సమానం. ఇక కల్లు బలం గంటగంటకూ మారుతుంది. ఉదయం దించినప్పుడు తేలికగా ఉన్న కల్లు సాయంత్రానికి బాగా పులిసి ఘాటెక్కుతుంది కనుక లోటాల లెక్కను నమ్మడానికి వీలులేదు.

శరీరం తొందరపడదు

తాగిన ఆల్కహాలును విడగొట్టే పని ప్రధానంగా కాలేయానిది. అది సగటున గంటకు ఒక చిన్న పెగ్గుకు మించి విడగొట్టలేదు. కొందరిలో అంతకంటే తక్కువే. ఈ వేగాన్ని పెంచే ఉపాయం ఏదీ లేదు. చన్నీటి స్నానం, నిమ్మరసం, మజ్జిగ, చిక్కటి కాఫీ మనిషికి కొంత తెలివి వచ్చినట్లు అనిపింపజేస్తాయే గాని రక్తంలోని ఆల్కహాలును ఒక్క పాలు కూడా తగ్గించలేవు. వాంతి చేసుకున్నా రక్తంలో కలిసినది వెనుకకు రాదు. కడుపునిండా భోజనం చేసి తాగితే ఆల్కహాలు రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది. ఇది మేలే గాని, చేరిన దానిని శరీరం విడగొట్టవలసిందే.

ఒక ఉదాహరణ చూడవచ్చును. 60 కిలోల బరువున్న పురుషుడు భోగికి ముందు రాత్రి 10 గంటలకు మొదలుపెట్టి 12 గంటలకు ఒక క్వార్టర్ ముగించాడనుకుందాం. తెల్లవారుజామున 4 గంటలకు, వీధులలో భోగిమంటలు వెలిగే వేళకు, అతని రక్తంలో ఆల్కహాలు చట్టం విధించిన పరిమితిని ఇంకా దాటి ఉండే అవకాశమే ఎక్కువ. పూర్తిగా తొలగిపోయేసరికి ఉదయం 8 గంటలు కావచ్చును. నిద్రపోయి లేచాను గనుక మత్తు దిగిపోయిందని అతడు భావిస్తాడు. శరీరంలోని గడియారం అలా ఒప్పుకోదు. పండుగల తరువాతి ఉదయాలలో పాలకు, పూలకు, తొలి బస్సుకు బయలుదేరి ప్రమాదానికి లోనయ్యేవారి విషయంలో ఈ సంగతి గుర్తుంచుకోవలసి ఉంటుంది.

స్త్రీలలో, బరువు తక్కువగా ఉన్నవారిలో, వృద్ధులలో అదే మోతాదు మరింత గాఢంగా పనిచేస్తుంది. ఒకరు తట్టుకొన్నది మరొకరికి ప్రమాణం కాదు.

చట్టం చెప్పేది

1988 నాటి మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉండగా వాహనం నడపడం నేరం. పోలీసులు శ్వాస పరీక్షతో దీనిని నిర్ధారిస్తారు. రెండు చిన్న పెగ్గులతోనే చాలామంది ఈ గీత దాటుతారు. బరువు తక్కువగా ఉన్నవారు ఒక్క పెగ్గుతోనే దాటవచ్చును. మొదటి నేరానికి ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల జరిమానా లేదా రెండూ విధించవచ్చును. మళ్లీ పట్టుబడితే రెండేళ్ల వరకు జైలు లేదా 15,000 రూపాయల జరిమానా లేదా రెండూ. తాగి ఉన్నాడని తెలిసీ వాహనం నడపడానికి ప్రోత్సహించినవారు కూడా 188వ సెక్షన్ కింద శిక్షకు పాత్రులే. మత్తులో నడిపిన వాహనానికి జరిగిన నష్టాన్ని బీమా సంస్థ చెల్లించకపోవచ్చును.

పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాడి చేతికి బండి ఇవ్వడం మరొక పెద్ద తప్పు. పెద్దలు తాగారు గనుక పిల్లవాడు నడుపుతాడులే అనుకోవడం రెండు ప్రమాదాలను ఒకచోట చేర్చడమే. మైనరు చేసిన నేరానికి సంరక్షకులకు లేదా వాహన యజమానికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చును.

మద్యం కొనడానికి పుదుచ్చేరిలో 18 ఏళ్లు, ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండి ఉండాలి. పిల్లలకు మద్యం ఇచ్చినవారికి 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. సరదాకు మేనల్లుడి నోటికి చెంచాడు బీరు అందించే పెద్దలు ఈ సంగతి గ్రహించాలి. ఇక్కడ కొన్న సీసాలను అనుమతి లేకుండా ఆంధ్రప్రదేశ్‌లోకి తీసుకుపోవడం కూడా కేసులకు దారి తీస్తుంది. చుట్టాలకు కానుకగా కట్టి ఇచ్చే ముందు ఆతిథేయులు ఈ విషయం ఆలోచించాలి.

ఆతిథ్యం ఇచ్చేవారి బాధ్యత

ఎదుర్లంక వద్ద వారధి లేని రోజులలో రాత్రి పంటు కట్టివేసిన తరువాత ఆవలి ఒడ్డు చుట్టం ఇక్కడే ఆగిపోక తప్పేది కాదు. అరుగు మీదనో, వసారాలోనో ఒక చాప పరచేవారు. తెల్లవారిన తరువాత కాఫీ ఇచ్చి పంపేవారు. వారధి వచ్చిన తరువాత ప్రయాణం సులువైంది. చుట్టాన్ని ఆపే గోదావరి అడ్డు తొలగిపోయింది. ఇప్పుడు ఆ పని ఆతిథేయులే చేయవలసి ఉన్నది.

మద్యం ఉండే విందును ఏర్పాటు చేసేవారు కొన్ని పనులు ముందుగానే చేసుకోవడం మంచిది. ఎవరు ఏ వాహనం మీద వస్తున్నారో, రాత్రి ఎక్కడ పడుకుంటారో తెలుసుకోవాలి. వచ్చినవారిలో ఆ రాత్రి ముట్టనివారు ఒకరు ఉంటే కారు వారికి అప్పగించాలి. అలాంటివారు లేనప్పుడు తెలిసిన ఆటోవారితో ముందే మాట్లాడుకోవాలి. తాళంచెవులన్నీ విందు మొదలుకాక ముందే ఇంటి పెద్ద చేతికి చేరితే, తరువాత వాటి కోసం వాదులాట ఉండదు. తాగిన మనిషితో అర్ధరాత్రి గేటు దగ్గర వాదించి గెలవడం కష్టం.

భోజనం ఆలస్యం చేయరాదు. మంచినీళ్లు అందుబాటులో ఉంచాలి. గ్లాసులో ఎత్తి పోయడం కంటే కొలిచి పోయడం మేలు. వద్దన్నవారిని బలవంతపెట్టకపోవడం ఒక ముఖ్యమైన మర్యాద. "ఈ ఒక్కటీ మా కోసం తీసుకోండి బావగారూ" అనే మాట ఆప్యాయతతోనే వచ్చినా, అవతలివారు మందులు వాడుతూ ఉండవచ్చును, మానివేసే ప్రయత్నంలో ఉండవచ్చును, లేదా కేవలం ఇష్టం లేకపోవచ్చును. కారణం చెప్పవలసిన అవసరం వారికి లేదు. కొబ్బరినీళ్లు, నిమ్మరసం, చెరకురసం అదే పళ్లెంలో అదే మర్యాదతో అందిస్తే వద్దనడం అందరికీ సులభమవుతుంది.

అసలే తాగకూడనివారు

గర్భవతులకు సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదు. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ గాని, కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారిలో మద్యం వలన రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చును. అప్పుడు కలిగే తడబాటు, చెమటలు, మగత చూసేవారికి తాగిన మైకంలాగే కనిపిస్తాయి. అందుచేత చక్కెర వ్యాధి ఉన్న మనిషి విందులో కూలబడితే మత్తు అని వదిలివేయరాదు. నిద్రమాత్రలు, మూర్ఛకు, మానసిక వ్యాధులకు వాడే మందులు, జలుబుకు వాడే మగత కలిగించే మాత్రలు మద్యంతో కలిస్తే శ్వాస మందగించే ప్రమాదం ఉంది. మర్నాటి తలనొప్పికి పారాసెటమాల్ మాత్రలను ఎడాపెడా వేసుకోవడం కూడా కాలేయానికి హాని చేయవచ్చును.

గోదావరి గట్టు, భోగిమంట

తాగితే చలి పోతుందన్నది అపోహ. మద్యం చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. అప్పుడు వెచ్చగా అనిపిస్తుంది గాని లోపలి వేడి బయటికి పోతుంది. తాగి గౌతమిలో దిగినవారికి నీటి లోతు అంచనా తప్పుతుంది, ఊపిరి బిగబట్టడం సాధ్యం కాదు, ఈత వచ్చినా చేతులు ఆడవు. రేవులలో గాని, దరియాలతిప్ప వైపు గాని, పడవల మీద గాని మద్యం మత్తులో నీటికి దగ్గరగా ఉండరాదు. ఒకరు మునిగిపోతుంటే మత్తులో ఉన్న రెండవవాడు దూకడం రెండు ప్రాణాలను అపాయంలో పడవేయడమే. తాడు గాని, వెదురు గడ గాని అందించి కేకలు వేయాలి. భోగిమంటల వద్ద కూడా రాత్రంతా తాగినవారిని కట్టెలు వేసే పనికి, పిల్లలను కాపాడే పనికి నియమించరాదు.

మాల తీసిన తరువాత

ఈ ప్రాంతంలో ఎందరో కార్తిక మాసం మొదలుకొని అయ్యప్ప దీక్ష స్వీకరిస్తారు. దీక్షాకాలంలో మద్యం నిషిద్ధం. అనేక కుటుంబాలలో ఇంటి యజమాని ప్రశాంతంగా ఉండే రోజులు ఆ మండలం రోజులే. ఈ విషయంలో రెండు జాగ్రత్తలు అవసరం.

మొదటిది దీక్ష ప్రారంభంలో. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానివేస్తే, మొదటి రెండు మూడు రోజులలో చేతులు వణకడం, చెమటలు, నిద్రలేమి కలుగుతాయి. కొందరికి ఫిట్స్ వస్తాయి. లేనివి కనిపించడం, వినిపించడం, మతి చలించడం కూడా జరగవచ్చును. ఇది ప్రాణాపాయ స్థితి. దీనిని దైవాగ్రహంగా గాని, పిచ్చిగా గాని భావించి ఇంటిలో కూర్చోబెట్టరాదు. ఇలాంటివారు మాల వేసుకోవడానికి ముందే వైద్యుని కలిస్తే, మందుల సహాయంతో క్షేమంగా మానవచ్చును.

రెండవది మాల తీసిన తరువాత. అనేకులకు దీక్ష ముగిసేది సంక్రాంతి నాటికే. నలభై రోజులు దూరంగా ఉన్న శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. పూర్వం తాగినంతే తాగినా అది ఇప్పుడు విషం కావచ్చును. నలభై రోజులు మానగలిగినవారు నలభై ఒకటో రోజు కూడా మానగలరు. ఆ బలం అప్పటికే వారి చేతిలో ఉన్నది.

ప్రమాదాన్ని గుర్తించడం

తాగి పడుకున్న మనిషి పిలిస్తే పలకకపోయినా, గిల్లినా కదలకపోయినా, నిమిషానికి ఎనిమిది సార్లకంటే తక్కువగా ఊపిరి తీస్తున్నా, పెదవులు నీలంగా మారినా, ఒళ్లు చల్లబడినా వెంటనే 108కి గాని 112కి గాని ఫోను చేయాలి. పడుకొని లేస్తే సరిపోతుందని ఒంటరిగా వదలరాదు. నిద్రలో కూడా కడుపులోని మద్యం రక్తంలోకి చేరుతూనే ఉంటుంది. మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. వెల్లకిలా ఉంటే వాంతి ఊపిరితిత్తులలోకి పోవచ్చును. గొంతులో వేలు పెట్టడం, నోట నీళ్లు పోయడం చేయరాదు.

కల్తీ మద్యం మరొక ముప్పు. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారా తాగి అరవై మందికి పైగా మరణించారు. మిథనాల్ రంగులో, వాసనలో తేడా చూపదు. దాని లక్షణాలు కొన్ని గంటల తరువాత, ఒక్కొక్కసారి మర్నాడు బయటపడతాయి: కళ్లు మసకలు కమ్మడం, తీవ్రమైన కడుపునొప్పి, వాంతులు, ఆయాసం. చూపు మసకబారిందంటే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి. సకాలంలో చికిత్స జరిగితే ప్రాణమూ చూపూ దక్కే అవకాశం ఉంది. అదే మద్యం తాగిన తక్కినవారిని కూడా, బాగున్నట్లు కనిపించినా, వైద్యునికి చూపించాలి. సీలు లేని సీసాను, ఎక్కడ తయారైందో తెలియని సారాను ఎంత చౌకగా దొరికినా ముట్టరాదు.

రోడ్డు మీద గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చడానికి పోలీసు కేసుల భయంతో వెనుకాడేవారు ఉన్నారు. మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షన్ సదుద్దేశంతో సహాయపడినవారికి రక్షణ కల్పిస్తున్నది. పేరు చెప్పమని వారిని ఒత్తిడి చేయడానికి వీలులేదు.

ఇంటిలోపలి పండుగ

పండుగ ఖర్చుకు దాచిన డబ్బు సీసాలకు పోవడం, పిల్లల కొత్త బట్టలు ఆగిపోవడం, మాటామాటా పెరిగి చేయిచేసుకోవడం బయటికి కనిపించని ప్రమాదాలు. ఆంధ్రప్రదేశ్‌లో మద్యనిషేధానికి దారి తీసిన సారా వ్యతిరేకోద్యమం నెల్లూరు జిల్లా దూబగుంటలో సామాన్య స్త్రీల నుండి పుట్టిందంటే, ఆ బాధ ఎంత పాతదో తెలుస్తుంది. హింసకు గురైన స్త్రీలు 181కి, పిల్లల విషయంలో 1098కి ఏ వేళనైనా ఫోను చేయవచ్చును. మద్యం మానాలని కోరుకొనేవారికీ, వారి కుటుంబాలకూ ఉచిత సలహాకు జాతీయ సహాయ నంబరు 14446 ఉన్నది. మద్య వ్యసనం చికిత్సకు లొంగే వ్యాధి. దానిని చెప్పుకోవడంలో తలవంపులు ఏమీ లేవు.

ఖాళీ సీసాలు

పండుగ మర్నాడు వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల చేతులకూ, గట్టు మీద ఆడుకొనే పిల్లల కాళ్లకూ గుచ్చుకొనేవి పగిలిన సీసా పెంకులే. సీసాలను పొలాలలో, కాలువలలో, రేవు మెట్ల మీద పడవేయరాదు. ఖాళీ సీసాలను పొడి చెత్తలో విడిగా ఇవ్వాలి. పగిలినవాటిని పాత వార్తాపత్రికలో దళసరిగా చుట్టి, గాజు అని చెప్పి అందించాలి.

పండుగ అంటే అందరూ ఒకచోట చేరడం. చేరినవారందరూ క్షేమంగా తిరిగి తమ తమ ఇళ్లకు వెళ్లినప్పుడే అది ముగిసినట్లు. తాళంచెవి అడిగిన చుట్టానికి అది ఇవ్వకుండా చాప పరచడం మొహమాటమైన పనే. చాప మీద పడుకొన్నవాడు తెల్లవారి లేస్తాడు, కాఫీ తాగుతాడు, ఎండ వచ్చి మంచు విడిచిన తరువాత వారధి దాటుతాడు. ఆవలి ఒడ్డున అతని కోసం కూడా ఒక ఇల్లు ఎదురుచూస్తూ ఉంటుంది.